చెవి మిషనాయన ఇంకా పైకి రాలేదు

"కంప్యూటర్ల కొత్తదాన్ని తీసేసి పాతదాన్ని ఎవరన్న మళ్ల ఎక్కిస్తరా బాపమ్మా? లోకమంత ముందుకు పోతుంటె నువ్వు ఎనుకకు నడుస్తవేంది?" అంది మనవరాలు.

"ముందుకు పోయేటోళ్లను నేనేం ఆపుతలేను. నా ఇంట్లకు వచ్చేటోడు తలుపు కొట్టాలె. పాతది కొట్టేది. కొత్తది కొడతలేదు. గంతే" అన్నాను నేను.

"పాతదాన్నిండ బొక్కలే. దొంగలు చొరబడుతరు."

"దొంగ నయం. దొరికింది పట్టుకోని పోతడు. వీడు పోతనే లేడు."

"గా చెవి మిషనాయన కోసమేనా నీ లొల్లంత?"

"మరి ఆయన నీకేమన్న మేనబావనా, ఇంట్ల కూసోబెట్టుకుంటానికి?"

మా ఇద్దరికీ నడుమ కుర్చీలో కూర్చున్న మా ముసలాయన ఒకసారి ఆమె మొహం, ఒకసారి నా మొహం చూసి, మేమేదో మంచి సంగతి మాట్లాడుకుంటున్నామన్నట్టు తల ఊపి టీ తాగాడు. ఆయనకు ఒక్క ముక్క వినపడలేదు. అసలు లొల్లంతా దాని గురించే.

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్లు నేను రెండు జడలు వేసుకున్నప్పటి ముచ్చట చెబుతాననుకుంటారు. అది కాదు. నాకు చిన్నతనం రెండుసార్లు వచ్చింది. మొదటిది నాలుగో తరగతితోనే అయిపోయింది. చర్చివాళ్ల మిషన్ బడిలో కూడబలుక్కోకుండా చదవడం వచ్చిందో లేదో, తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి లేదని పిలిపించారు. రెండోది అరవై దాటాక, మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజున మొదలైంది. ఇప్పుడంటే నేను చుట్టుపక్కల ఆడవాళ్లకు కరెంటు బిల్లు కట్టి పెడుతున్నాను గానీ, అప్పుడు దాని ముందు నేను నిజంగా పసిపిల్లనే. మౌస్ పట్టుకుంటే తెర మీది బాణం, ఇంట్లోకి వచ్చి దారి మరిచిన పిచ్చుకలాగా నాలుగు మూలలూ కొట్టుకునేది. "చెయ్యి వదులుగ పట్టు బాపమ్మా, అది పప్పు గుత్తి కాదు" అని మనవరాలు నవ్వేది.

మా ఇంటాయన గనిలో పనిచేసి రిటైరయ్యాక, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి గోదావరిఖని చివర్లో మేం కట్టుకున్న రెండు గదుల ఇంట్లోకి వచ్చాం. కొడుకూ కోడలూ నస్పూర్‌లో ఉంటారు, కొడుకుది షిఫ్టుల డ్యూటీ. వాళ్ల బిడ్డ డిగ్రీ చదువు కోసం మా దగ్గర ఉండేది. ఆ పిల్ల చదువు కోసమే కొడుకు ఎవరో వాడి పక్కన పెట్టిన కంప్యూటర్‌ను తెచ్చి ఇచ్చాడు. నేను దానికి నా పాత లంగాతో ముసుగు కుట్టాను. (బొగ్గు ఊరి దుమ్ము సంగతి బయటివాళ్లకు చెప్పడం కష్టం. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ బట్టల దుకాణంలోనూ దొరకని రంగులోకి వస్తుంది.) కంప్యూటర్ నడిచేటప్పుడు ఆ గదిలో లైటు వెయ్యనిచ్చేదాన్ని కాదు, తెర వెలుగుతుండగా మళ్లీ లైటెందుకు? ఇంటికి వచ్చే పేపరు కూడా మాన్పించాను. అదే పేపరు కంప్యూటర్లో ఊరికే కనిపిస్తుంటే ఇంకా కొనడం ఏం తెలివి?

కంప్యూటర్లో ఇంటర్నెట్ చూడటానికి బ్రౌజర్ అని ఒకటి కావాలి. మనవరాలు తెలుగులో ఉన్నదాన్ని వెతికి పెట్టింది, నేను చదువుకోవడానికి. పెట్టేటప్పుడు మాటల్లో ఒక సంగతి చెప్పింది. మనం చూసే ప్రతి సైటూ మన కంప్యూటర్లో ఒక చిన్న గుర్తు పెట్టి పోతుందట. దాన్ని కుకీ అంటారట. మళ్లీ మనం ఎక్కడ కనపడినా ఆ గుర్తును బట్టి మనల్ని పోల్చుకుంటారట.

"నన్నడుగకుండనే?" అన్నాను.

"అందరికి గట్లనే పెడతరు బాపమ్మా."

"అందరి సంగతి నాకెందుకు. నా ఇంటి గోడ మీద నన్నడుగకుండ ఎవడన్న గీత గీస్తె ఊకుంటనా?"

పిల్ల తల గోక్కుని, ఎక్కడెక్కడో వెతికి, ఒక చోట 'ప్రతిసారీ నన్ను అడుగు' అని ఉంటే దాన్ని పెట్టింది. "మూడు దినాల్ల నీకే యాష్టొచ్చి తీసెయ్యమంటవ్ చూడు" అని కూడా అంది. ఆ తర్వాత ఏ సైటు తెరిచినా మధ్యలో ఒక చిన్న డబ్బా లేచి నిలబడేది. ఫలానా సైటు కుకీ పెట్టుకుంటానంటోంది, ఏమంటారు అని అడిగేది. ఒప్పుకో, బ్రౌజర్ మూసేదాకా ఒప్పుకో, వద్దను. ఈ మూడింటిలో ఒకటి నొక్కాలి.

నాకు ఆ యాష్ట, ఆ విసుగు రాలేదు. వస్తుందా? నన్ను అడిగి చేసిన పనులు నా జన్మలో ఎన్నని. బడి మాన్పించేటప్పుడు అడగలేదు. పెళ్లి కుదిర్చేటప్పుడు అడగలేదు. (పెళ్లికొడుకును ఒకసారి చూపించారు గానీ, అది చూపించడమే, అడగడం కాదు.) అలాంటిది, ఎక్కడెక్కడి పెద్ద పెద్ద దుకాణాలవాళ్లు మా గడప ముందు చేతులు కట్టుకుని నిలబడి 'పెట్టుకోమంటారా' అని అడుగుతుంటే, 'వద్దు' అని నొక్కడంలో ఉన్న సుఖం మీకు ఎలా చెప్పేది. కొన్ని మధ్యాహ్నాలు నేను చూసేది ఏమీ లేకపోయినా, 'వద్దు' అనడానికే రెండు సైట్లు తెరిచేదాన్ని.

ఆ డబ్బా అర్థం నాకు సరిగ్గా చెప్పింది మనవరాలు కాదు, మా ఇంటాయన. ఆయన మొదట గని లోపల డ్రిల్లు మిషను పట్టుకుని చాలా ఏళ్లు పనిచేసి, మోకాలు దెబ్బతిన్నాక మీదికి వచ్చి ల్యాంప్ రూంలో కుదురుకున్నాడు. వాడకట్టులో ఇప్పటికీ ఆయన్ను ల్యాంప్ కాక అనే పిలుస్తారు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి తలదీపం తీసుకోవాలి. దీపం తీసిన కొక్కేనికి బిళ్ల వేలాడుతుంది. షిఫ్టు అయిపోయి పైకొచ్చి దీపం అప్పజెబితే బిళ్ల తిరిగి ఇస్తారు. అందరూ ఇళ్లకు పోయాక కూడా ఒక కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే, ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. ఆ ఆఖరు బిళ్ల పోయేదాకా ఈయన అన్నం ముందు కూర్చున్నవాడు కాదు.

ఆయన ఆ డబ్బాను రెండుసార్లు చదివి, "గిది మా ల్యాంప్ రూమే గదనే" అన్నాడు. "మూసేదాక అంటె ఒక షిఫ్టు. పనున్నోనికి షిఫ్టు ఇయ్యి. ఒప్పుకో అంటె ఎప్పటికి ఉంటడు, గది మాత్రం ఎవ్వనికి ఇయ్యకు. గనిల ఎప్పటికి ఉండేటోడు ఎవడు లేడు."

ఇక అది మా ఇంటి కట్టుబాటు అయింది. సాయంత్రం నేను కంప్యూటర్ ఆపబోయే ముందు, ఆయన మంచం మీది నుంచి అడిగేవాడు: "ఏమే, అందరు పైకొచ్చిండ్రా?" నేను కుకీల జాబితా తెరిచి, ఎవరైనా మిగిలితే తుడిచేసి, వచ్చిండ్రని తల ఊపేదాన్ని. అప్పుడు ఆయన లేచి కాళ్లు కడుక్కునేవాడు. మనవరాలు మమ్మల్ని చూసి నవ్వేది. నవ్వనీ. కాపురంలో ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి ఉండాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మాకు మిగిలింది అదే.

తల ఊపేదాన్ని అన్నాను కదా, నోటితో చెబితే ఆయనకు వినపడేది కాదు. డ్రిల్లు చప్పుడు ఆయన మోకాలిని వదిలింది గానీ చెవులను వదల్లేదు. పనిలో ఉన్నప్పుడే మొదలైంది, కానీ ఒప్పుకుంటేనా? 'అన్‌ఫిట్' అన్న మాట ఆయనకు తిట్టు కింద లెక్క. దవాఖానలో పరీక్ష చేసేటప్పుడు డాక్టరు వెనక నిలబడి మెల్లగా పిలిస్తే, ఈయన ఎదురుగా ఉన్న మందుల బీరువా అద్దంలో డాక్టరు పెదవులు చూసి జవాబు చెప్పి వచ్చాడు. ఆ సంగతి ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

రిటైరయ్యాక అది ముదిరింది. చర్చిలో ప్రార్థన అయిపోయి అందరూ ఆమెన్ అన్నాక, ఒక ఊపిరి తీసేంత సేపటికి ఈయన ఆమెన్ ఒక్కటే గట్టిగా వచ్చేది. పాస్టరుగారు మంచి మనిషి, అది కూడా వచ్చేదాకా ఆగి అప్పుడు కళ్లు తెరిచేవారు. ఇంట్లో నా కష్టం చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి సానబట్టుకున్న నా తిట్లన్నీ గాలికి పోతున్నాయి. ఒక తిట్టును మూడుసార్లు తిడితే గానీ ఆయన "ఏందీ?" అనడు. నాలుగోసారికి నాకే కోపం పోయేది. వృథా అంటే నాకు మొదటి నుంచీ పడదు.

దవాఖానకు పోదామంటే, "నా చెవులకేమైంది? నువ్వే ఈ మధ్య మెల్లగ మాట్లాడుతున్నవ్" అనేవాడు. (నేను మెల్లగా మాట్లాడతానన్న మనిషి ఈ ఊళ్లో ఆయన ఒక్కడే.)

ఆయన పొద్దున్నే సైకిల్ వేసుకుని కమాన్‌పూర్ వైపు రోడ్డు మీద, పల్లెల నుంచి వచ్చే కూరగాయల కోసం పోయేవాడు. అది బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు. ఒక రోజు ఆకుకూర కట్టలు నా ముందు పెడుతూ, "టిప్పర్ డ్రైవర్ పిలగాడు ఎంత మంచోడే. బండాపి, దిగొచ్చి, నా భుజం మీద చెయ్యేసి పలకరించి పోయిండు" అన్నాడు. నేనూ సంతోషించాను. కాసేపటికి ఎదురింటి ఆమె వచ్చి అసలు సంగతి చెప్పింది. ఈయన పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కినవాడిలా రోడ్డు మధ్యన పోతుంటే, ఆ పిలగాడు వెనక నుంచి మూలమలుపు దగ్గర మొదలుపెట్టి హారన్ కొట్టీ కొట్టీ, ఇక చేతకాక బండి ఆపి దిగి వచ్చి 'తాతా, జర పక్కకు జరుగు' అన్నాడట. ఆమె చెబుతుంటే ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె వెళ్లిపోయాక నేను ఆకుకూర పక్కన పెట్టి, వాకిట్లో ఆయన సైకిల్ చక్రాలు రెండూ తడిమి చూశాను. దిగి వచ్చే ఓపిక ప్రతి డ్రైవరుకూ ఉండదు కదా.

ఆయన పడుకున్న ఒక మధ్యాహ్నం, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వేలితో 'చెవి మిషన్' అని కొట్టాను. వద్దనే మనిషికి చూపించకముందే ధరా దస్తూరీ తెలుసుకుని పెట్టుకుందామని. ఎన్ని రకాలో. చెవిలో దూరేవి, చెవి వెనక కూర్చునేవి, పాతకాలం రేడియోలాగా జేబులో పెట్టుకునేవి. ధరలు చూసి నా చెవులే గింగురుమన్నాయి. ఒక దుకాణం తర్వాత ఒక దుకాణం తిరిగాను. విచిత్రంగా ఏ దుకాణమూ కుకీ పెట్టుకుంటానని అడగలేదు. చెవుడు ఉన్నవాళ్లతో వ్యాపారం చేసేవాళ్లు, మర్యాదస్తులు, ఏమీ పెట్టకుండానే పోతున్నారు కాబోలు అనుకుని వాళ్లను మెచ్చుకున్నాను. సాయంత్రం ఆయన "అందరు పైకొచ్చిండ్రా?" అంటే, ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ దిగలేదనుకుని, జాబితా చూడకుండానే తల ఊపాను.

మర్నాడు ఆయన కంప్యూటర్లో పేపరు చదువుతున్నాడు. వార్తల పక్కన, నెరిసిన జుట్టున్న ఒక పెద్దమనిషి చెవి మీద వేలు పెట్టుకుని నవ్వుతూ కనిపించాడు. కింద 'మీ ఇంట్లో పెద్దలకు వినపడుతోందా?' అని రాసి ఉంది. మా ఆయన ఇంకో పేజీ తెరిచాడు, అక్కడా ఆ పెద్దమనిషే. వాన వస్తుందో రాదో చూద్దామని తెరిస్తే మబ్బుల పక్కన ఉన్నాడు. నేను మామిడికాయ తొక్కు ఎట్లా పెట్టాలో చూస్తున్నట్టు నటిద్దామని తెరిస్తే తొక్కు పక్కన ఉన్నాడు. ఆ మర్నాడు కూడా ఎక్కడికీ పోలేదు.

మా ఆయన నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ల్యాంప్ రూం వదిలాక ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు.

"ఏమే, వీనిది నిన్నటి షిఫ్టు గదా. ఇంక పైకి రాలేదేంది?"

నేను చేటలో బియ్యం పోసుకున్నాను.

"వీన్ని ఎవరు దింపిండ్రు? బిళ్ల ఎవరిచ్చిండ్రు?" అని, నేను చేటలోంచి తలెత్తకపోతే మనవరాలిని కేకేశాడు. "బిడ్డా, జల్ది రా. ఒకడు లోపల్నే ఉండిపోయిండు."

పిల్ల వచ్చి తెర చూసి, ఆలోచించకుండా ఆయన చెవిలో గట్టిగా చెప్పింది: "ఉండిపోవుడు కాదు తాతా. మనం ఏం ఎతికితె గవే బొమ్మలొస్తయ్. ఇంట్ల ఎవరో చెవి మిషన్ కోసం చూసిండ్రు."

చెప్పాక ఆమెకే అర్థమయి నాలుక కరుచుకుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఆయన వెతకలేదు, పిల్ల వెతకలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను అప్పటికే ఏరిన బియ్యంలో మళ్లీ రాళ్లు ఏరుతున్నాను. ఆయన కంప్యూటర్ ఆపేసి, దాని మీద లంగా ముసుగు కప్పి (అది ఆయన ఎప్పుడూ చెయ్యని పని), అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం "అందరు పైకొచ్చిండ్రా?" అన్న మాట రాలేదు. నేను మీట మీద వేలు పెట్టుకుని ఎదురుచూశాను. ఆయన కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. ఆ తర్వాతి సాయంత్రాలు కూడా అంతే. తిట్టినా బాగుండేది. ఒక మనిషికి వినపడకపోతే భరించవచ్చు, మాట్లాడకపోతే ఇంట్లో గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది.

పిల్లను నిలదీస్తే సంగతి బయటపడింది. కంప్యూటర్ ఏదో కొత్త బ్రౌజర్ వచ్చిందంటే, నేను చెవి మిషన్ వెతకడానికి ముందు రోజే ఆమె సరేనని నొక్కిందట. కొత్తదాంట్లో ఆ అడిగే ఏర్పాటే లేదు.

"తీసేసిండ్రు బాపమ్మా. ఎక్కువ మంది వాడుతలేరట. ఊకె అడుగుతుంటె జనానికి యాష్టొస్తదట."

"నాకు రాలే. తీసే ముందు నన్నెవరన్న అడిగిండ్రా?"

"నిన్నేమని అడుగుతరు?"

"గన్ని దినాలు అందరి తరఫున అడిగినదాన్ని తీసేటప్పుడు ఒక్క మాట అడుగరా? ఎక్కువ మంది బిళ్లలు వాడుతలేరని ల్యాంప్ రూం మూస్తరా? ఒక్కడు దిగినా బిళ్ల బిళ్లే."

"మొత్తం వద్దను అని పెట్టుకోవచ్చు, కావాల్నంటె."

"అందరిని ఒక్కసారే వద్దంటె నేను మనిషినెట్లయిత? గోడనైత."

అక్కడి నుంచి పాతదాన్ని ఎక్కించు, ఎక్కించను అనే దగ్గరికి వచ్చి, మొదట మీకు చెప్పిన కొట్లాట జరిగింది. మా ముసలాయన మా మధ్య టీ తాగి, గ్లాసు కింద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. పిల్ల కాలేజీ సంచి తీసుకుని, "నీ ఇష్టం, నేనైతె చెయ్య" అని వెళ్లిపోయింది.

నేను ఏదీ పారేసే మనిషిని కాదు. అరిగిన చీపురు పుల్లలు పొయ్యికి, చినిగిన దుప్పటి మసిగుడ్డకు పనికొస్తాయి. మొదట్లో పిల్ల పాత బ్రౌజర్‌ను దింపుకున్న ఫైలు కంప్యూటర్లో ఉండిపోతే, ఆమె తీసేయబోయింది. "ఉండనియ్యి, అది ఏమన్న అన్నం అడుగుతదా" అని నేనే ఆపాను. వెతికితే అది ఉన్నచోటే ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కాను. అది 'కొనసాగించాలా' అని అడిగింది. ఔనన్నాను. 'నిజంగానేనా' అన్నట్టు ఇంకోటి అడిగింది. దానికీ ఔనన్నాను. చూశారా, పాతదానికి పుట్టుకతోనే మర్యాద ఉంది. అది నిండేంత సేపూ నేను కళ్లు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసుకున్నాను. కంప్యూటర్ కోసం ప్రార్థన చేయొచ్చో లేదో పాస్టరుగారిని ఎప్పుడూ అడగలేదు.

ముందుగా కుకీల జాబితా తెరిచి, నేను వద్దనకుండానే లోపలికి చేరినవాళ్లందరినీ తుడిచాను. ఇల్లంతా పెళ్లివారు దిగినట్టున్నారు. 'ప్రతిసారీ నన్ను అడుగు' అన్నది దాని పాత చోటులోనే ఉంటే దాన్ని పెట్టాను. ఆ తర్వాత పేపరు తెరిచాను. డబ్బా లేచి నిలబడింది. ఎన్నాళ్లకు వచ్చావు తల్లీ అనుకున్నాను. వద్దు అన్నాను. ఇంకొకడు వచ్చాడు, వద్దు. ఒక్క పేపరు వెనక రేషన్ దుకాణం ముందు ఉన్నంత వరస ఉంది. నేను ఓపికగా ఒక్కొక్కడికీ వద్దు చెప్పి పంపించాను. పేజీ తెరుచుకునేసరికి నెరిసిన జుట్టు పెద్దమనిషి లేడు. ఆ చోట ట్రాక్టర్ టైరు ఒకటి ఉంది. టైరును చూసి అంత సంతోషపడిన ఆడమనిషి ఈ జిల్లాలో ఉండదు.

సాయంత్రం మనవరాలు వచ్చి చూసి నుదురు కొట్టుకుంది. "చేసినవా? నిజంగనే చేసినవా?" అని పక్కన కూర్చుంది. కాసేపు నా మొహం చూసి, మౌస్ తీసుకుని లోపల ఎక్కడో ఒక గడిలో టిక్కు తీసేసింది. "లేకుంటె రేపు పొద్దుగాల్ల అదే మళ్ల కొత్తదైతది. నా చదువుకు నేను ఇంకోటి పెట్టుకుంట. దాని జోలికి రాకు."

"నువ్వు దీని జోలికి రాకు" అన్నాను. అంతటితో మా ఇద్దరికీ సంధి కుదిరింది.

అప్పుడు మా ఆయన దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తెర చూపించి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "అందరు పైకొచ్చిండ్రు. ఆయన గూడ వచ్చిండు."

ఆయన టైరును చూశాడు. నన్ను చూశాడు. "మంచిది" అని, వెళ్లి పడుకున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట నేను ఎంత గొప్ప పని చేశాననుకున్నానో. మొగని పరువు కాపాడి, దుకాణాలవాళ్ల మెడలు వంచి, పిల్ల చదువును గెలిచి, ఒక్క పైసా ఖర్చు కాకుండా చేశానని మురిసిపోతూ, ఇంత చేస్తే ఒక్క 'మంచిది'నా అని ఆయన వీపు మీదికి నాలుగు తిట్లు విసిరాను. అవీ వృథానే.

మరునాడు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన సైకిల్ తియ్యలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని పేపరు తెరిచి, చదవకుండా పేజీలు తిప్పుతూ పోతున్నాడు. వానల పేజీ చూశాడు. తొక్కుల పేజీ కూడా చూశాడు. డబ్బా లేచినప్పుడల్లా 'వద్దు' నొక్కాడు. చివరికి నన్ను పిలిచాడు.

"ఏమే, గా చెవి మిషనాయన ఏడి?"

"పంపించిన గద" అని చేత్తో చూపించాను.

"ఎందుకు పంపినవ్? మీరిద్దరు లేనప్పుడు చూస్తున్న నేను. రెండో బొమ్మల ఉన్నది మంచిగుండె. చిన్నది. చెవెనుక దాక్కుంటదట, ఎవ్వలకు కనపడదట." తెర మీద ఆ బొమ్మ ఉండే చోట వేలు పెట్టాడు. "ధర కింద రాసిండు. నేను సక్కగ చూడకముందే పంపినవ్. పంపేటప్పుడు నన్నడిగినవా?"

నేనేం చెప్పినా ఆయనకు వినపడేది కాదు. కుర్చీ పక్కకు జరిపి, ఒక్క వేలితో మళ్లీ 'చెవి మిషన్' అని కొట్టాను. దుకాణం తెరుచుకునే ముందు డబ్బా లేచి నిలబడింది. నేను 'మూసేదాకా' మీదికి బాణం తీసుకుపోతుంటే, ఆయన నా చేతి మీద చెయ్యి వేసి 'ఒప్పుకో' దగ్గరికి జరిపాడు.

"వీనికి ఒక్క షిఫ్టు సరిపోదు" అని నొక్కాడు.

ఆ తర్వాత లేచి, ఆదివారం చర్చికి వేసుకునే చొక్కా వేసుకుని, ఆటో పిలవమన్నాడు. ఎటు అని చేత్తో అడిగితే, "చెవుల డాక్టరు తానికి. బొమ్మ చూసి కొంటరా ఎవరన్న?" అన్నాడు. మనవరాలు వీధి చివరికి పోయి ఆటో తెచ్చింది. నేను కంప్యూటర్ ప్లగ్గు పీకి, ముసుగు కప్పి, తలుపుకు తాళం వేశాను. రోడ్డెక్కాక వెనక నుంచి ఒక టిప్పర్ హారన్ కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను, ఆయన కిటికీ లేని ఆ ఆటోలో నుంచి నిమ్మళంగా బయటికి చూస్తున్నాడు. పాత చెప్పులు వేసుకొచ్చినందుకు ఆయన్ను తిట్టడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. దారి పొడుగునా నాకు చాలా తిట్లు తోచాయి. ఒక్కటి కూడా ఖర్చు చెయ్యలేదు. మిషన్ వచ్చేదాకా దాచుకున్నాను.